గకు గుడిస్తే గి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో చదువుకుంటున్న బిడ్డలకు, చదువు ముగించి పాస్‌పోర్టు కోసం తిరుగుతున్న బిడ్డలకు,

మీ పాత ఇంగ్లీషు సారు రాస్తున్న ఉత్తరం ఇది. మీలో కొందరికి నేనే ఏబీసీడీలు దిద్దించాను. కొందరి అమ్మానాన్నలకు దిద్దించాను. రిటైరయ్యాక కూడా పొద్దున పూట ఎవరో ఒకరు ఫారం పట్టుకుని మా అరుగు మీదికి వస్తూనే ఉన్నారు. ఫారాలు నింపుతూ నింపుతూ నాకు తెలిసిన సంగతి ఒకటి మీకు చెప్పాలి.

మొన్న డిగ్రీ అయిపోయిన పిల్లవాడు ఒకడు మూడు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు. పేరు శ్రీనివాస్. మెమోలో ఎస్ తర్వాత ఆర్, ఆ పైన ఒక్క ‘ఐ’. ఆధార్‌లో ఐ పోయి రెండు ‘ఈ’లు వచ్చాయి. పాస్‌పోర్టులో ఎస్ పక్కన ‘హెచ్’ చేరింది. దుబాయిలో ఉద్యోగం దొరికింది, కానీ సర్టిఫికెట్ల అటెస్టేషన్ దగ్గర ఆపేశారు.

“సార్, ఇండ్ల ఏది కరెక్టు?” అన్నాడు.

“మూడూ కరెక్టే” అన్నాను.

“మూడూ కరెక్టయితే మరి పని ఎందుకు ఆగింది సార్?”

ఆ పూట వాడికి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. మూడు స్పెల్లింగులూ తప్పు కాదు, అయినా ముగ్గురు మనుషులు తయారయ్యారు. ఈ ముడి ఎక్కడ పడిందో చెప్పాలంటే మన ఊళ్ళ పేర్ల దగ్గర మొదలుపెట్టాలి.

ఒకటో తరగతిలో గుణింతం చదివారు కదా. గకు గుడిస్తే గి. మన ఊరు జగిత్యాల. గ మీద గుడి ఉంది. ఇప్పుడు కలెక్టరేటు బోర్డు మీద ఇంగ్లీషు పేరు చూడండి. జె, ఎ, జి, టి, ఐ, ఎ, ఎల్. జి తర్వాత ఐ లేదు. ఆ గుడి అక్కడినుంచి లేచి టి పక్కకు వచ్చి కూర్చుంది. తెలుగు రానివాడు చదివితే ‘జగ్తియల్’ అంటాడు. అదే రైలు స్టేషన్‌కు పోయి చూడండి. లింగంపేట జగిత్యాల అని రాసిన చోట జి పక్కన ఐ ఉంది, టి పక్కన వై ఉంది. రైల్వేకు ఒక జగిత్యాల, జిల్లాకు ఒక జగిత్యాల.

కోరుట్లది ఇంకో కథ. స్టేషన్ బోర్డులో ఆర్ తర్వాత ‘యు’. ఎన్నికల సంఘం పట్టికలో 20వ నంబరు నియోజకవర్గంగా ఇదే ఊరు వస్తుంది, అక్కడ యు బదులు ‘ఎ’. రకు కొమ్మిస్తే రు అని మీకు నేర్పాను. ఆ కొమ్మును ఓటరు జాబితా ఊడబెరికింది. ఒకే ఊళ్ళో పుట్టి, ఒకే ఊళ్ళో ఓటు వేసేవాడు రైలు టికెట్టు మీద ఒక ఊరివాడు, ఎన్నికల కాగితం మీద ఇంకో ఊరివాడు.

ఇది ఎలా జరిగిందని నేను చాలా ఏండ్లు ఆలోచించాను. నాకు తోచిన కారణం చెబుతాను. నిజాం రాజ్యంలో మన కచేరీలు ఉర్దూలో నడిచాయి. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులను మామూలుగా రాయరు, చదివేవాడే కలుపుకుని పలకాలి. జగిత్యాలను ఉర్దూలో రాస్తే జ, గ, త, య, ఆ, ల మిగులుతాయి. గ మీది గుడి కాగితం మీదికి రాదు. ఊరివాడు చూస్తే జగిత్యాల అనే చదువుతాడు, ఎందుకంటే ఊరు వాడికి తెలుసు. ఆ రాతను చూసి ఇంగ్లీషులోకి ఎక్కించే గుమాస్తాకు కనబడనిది వాడు రాయడు. సిరిసిల్లలో రి మీది గుడి, కోరుట్లలో రు కొమ్ము కూడా అట్లాగే జారిపోయి ఉంటాయని నా నమ్మకం. నాలుక కూడా కొంత సాయం చేసింది. మనమూ తొందరలో సిర్సిల్ల అనే అంటాం కదా.

జగిత్యాల పేరు గురించి మన దగ్గర ఇంకో మాట చెబుతారు. 1747 నాటి కోటను జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని, వాళ్ళ పేర్లు కలిసి జగిత్యాల అయిందని. నక్షత్రం ఆకారంలో ఉన్న ఆ కోటను చూస్తే కట్టడంలో ఫ్రెంచివాళ్ళ చెయ్యి ఉందని నమ్మవచ్చు. పేరు మాట మాత్రం నేను నమ్మను. ఇంగ్లీషు స్పెల్లింగును ముందు పెట్టుకుని, దానికి సరిపోయేటట్టు ఎవరో అల్లిన కథ అది. జగిత్యాల అని తెలుగులో రాసుకుని చూస్తే జాకూ కనబడడు, టాలూ కనబడడు. ఒక్క గుడి పోతే ఊరి పుట్టుకే మారిపోయింది చూశారా.

సిరిసిల్ల ఇంగ్లీషు రాతలో నడుమ ‘సి’ అనే అక్షరం ఉంది. అదే ఊరిని ‘ఎస్’తో రాసిన కాగితాలు కూడా చూశాను. ఐ ముందు, ఈ ముందు సి వస్తే ఇంగ్లీషులో స పలుకుతుంది. సినిమా, సిటీ, సిమెంటు అట్లాంటివే. కాబట్టి సిరిసిల్లను సి పెట్టి రాయడం తప్పు కాదు. కానీ మన దేశంలోనే వేరే రాష్ట్రంవాడు దాన్ని ‘సిర్చిల్లా’ అని చదవడం నేను చెవులారా విన్నాను.

ఈ సి అక్షరానికి మన ప్రాంతంలో ఒక గొప్ప సాక్షి ఉన్నాడు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి. సిరిసిల్లలో ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు కవిత్వానికి 1988 జ్ఞానపీఠం తెచ్చిన మన సినారె. ఆయన ఇంటిపేరులో ఉన్నది స. ఇంగ్లీషులో రాసుకున్నది సి. అదే ఎస్‌తో రాసి ఉంటే లోకమంతా ఎస్. నారాయణరెడ్డి అనేది. సి. నారాయణరెడ్డి అనే పేరు ఎక్కడా మారకుండా, పుస్తకం మీద, సినిమా తెర మీద, విశ్వవిద్యాలయం కాగితం మీద ఒకే తీరున నిలబడింది. స్పెల్లింగులో ఏ అక్షరం ఎంచుకున్నాడన్నది పెద్ద సంగతి కాదు. ఎంచుకున్నదాన్ని చివరిదాకా వదలలేదు.

మన భాష పేరే ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఎన్ని తిప్పలు పడిందో వినండి. 1814లో విలియం కేరీ వేసిన వ్యాకరణం పేరులో మన భాష ‘తెలింగాన’. రెండేండ్లకు, 1816లో, కాంప్‌బెల్ దొర వేసిన వ్యాకరణంలో అదే భాష ‘తెలూగూ’. టి, ఈ, ఎల్, రెండు ఓలు, జి, మళ్ళీ రెండు ఓలు. జనం దీన్ని ‘జెంటూ’ అంటారని పుస్తకం పేరులోనే రాసుకున్నాడు. 1840లో సి.పి. బ్రౌన్ వ్యాకరణం వచ్చేసరికి ఇవాళ మనం రాసే ఆరక్షరాల స్పెల్లింగు కనబడుతుంది. ఆ పాతిక ముప్పయి ఏండ్లలో భాష ఏమీ మారలేదు. రాయలసీమలో, తెలంగాణలో, సర్కారు జిల్లాల్లో జనం మాట్లాడింది మాట్లాడుతూనే ఉన్నారు. మారింది వినే చెవి, రాసే చెయ్యి.

ఇంగ్లీషువాళ్ళ సొంత పేర్లు మాత్రం ఏమంత స్థిరంగా ఉన్నాయి? షేక్‌స్పియర్ స్వయంగా చేసిన సంతకాలు ఆరు మిగిలాయంటారు. ఆరింటిలో ఒక్కటి కూడా ఇవాళ మనం పాఠ్యపుస్తకంలో రాసే స్పెల్లింగుతో లేదు. కొన్నిటిలో పేరును కుదించాడు, కొన్నిటిలో ‘ఈ’ అక్షరం వదిలేశాడు. ఆ కాలంలో పేరు మనిషి వెంట ఉండేది, మనిషి పేరు వెంట పరుగెత్తే అవసరం లేదు. 1755లో జాన్సన్ లండన్‌లో నిఘంటువు వేశాక, 1828లో వెబ్‌స్టర్ అమెరికాలో తన నిఘంటువు వేశాక స్పెల్లింగులు గట్టిపడ్డాయి. గట్టిపడడం కూడా రెండు తీర్లుగా. కలర్‌లో యు ఉండాలని ఒకరు, వద్దని ఒకరు. సెంటర్ చివర ఆర్-ఈ అని ఒకరు, ఈ-ఆర్ అని ఒకరు. పరీక్షలో ఏది రాయాలి సార్ అని మీరు అడుగుతుంటారు. మన దేశంలో బ్రిటిష్ పద్ధతే బడి పద్ధతి. అందులో రాయండి. కంప్యూటర్ అమెరికా పద్ధతికి పెట్టి ఉంటే మీ మాట కింద ఎర్రగీత వస్తుంది, దానికి బెదరకండి. అయితే ఒక జవాబు పత్రంలో పైన యు పెట్టి కింద యు తీసేస్తే మాత్రం పేపరు దిద్దేవాడు తప్పు కిందే లెక్క కడతాడు, నేనూ అట్లాగే కట్టాను.

మాట స్పెల్లింగు తప్పితే ఒక మార్కు పోతుంది. పేరు స్పెల్లింగు తప్పితే ఏం పోతుందో చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పదో తరగతి నామినల్ రోల్సు చేత్తోనే రాసేవాళ్ళం. అడ్మిషన్ రిజిస్టరులో పేరు తెలుగులో ఉండేది. దాన్ని ఇంగ్లీషులో పెట్టే పని ఇంగ్లీషు సారుది. గడి చిన్నది, పేరు పెద్దది. లక్ష్మి అని వచ్చిన చోటల్లా నేను ‘ఎక్స్’ పెట్టి రాసేవాణ్ణి. కె, ఎస్, హెచ్ మూడు రాసే బదులు ఒక్కటి చాలు కదా అనుకున్నాను. పిల్లను పిలిచి నీ పేరు ఎట్లా రాయాలమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచను కూడా తోచలేదు.

చాలా ఏండ్ల తర్వాత వాళ్ళలో ఒక బిడ్డ మా ఇంటికి వచ్చింది. పదో తరగతి అయ్యాక పెండ్లి చేశారు, బీడీలు చుడుతూ ఇద్దరు పిల్లల్ని చదివించింది. కంపెనీ పీఎఫ్ కాగితంలో గుమాస్తా ఆమెను లచ్చవ్వ అని రాశాడు, ఇంట్లో పిలిచే పేరు కనుక. ఆధార్‌లో కె, ఎస్, హెచ్ పెట్టి లక్ష్మి. మెమోలో నేను రాసిన ఎక్స్ లక్ష్మి. పైగా పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. తన సొంత పైసలు తను తీసుకోవడానికి ఆమె జాయింట్ డిక్లరేషన్ ఫారం పట్టుకుని నెలల తరబడి తిరిగింది. యజమాని సంతకం కావాలి, నేను ఆమెనే అని రుజువు కావాలి. “సార్, నేనే లచ్చవ్వ, నేనే లక్ష్మి, ఇంకెవలు ఉంటరు?” అని మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఎక్స్ నేను వేసింది. ఆ ఒక్క అక్షరం నాకు ఇవాళ్టికీ ముల్లులాగ గుచ్చుకుంటుంది.

గల్ఫ్ సంగతి మీకు నాకన్నా ఎక్కువ తెలుసు. మన మూడు ఊళ్ళలో దుబాయికో మస్కట్‌కో సౌదీకో పోయినవాడు లేని వాడకట్టు లేదు. అరబ్బీలో ప లేదు. పాస్‌పోర్టులో పోశయ్య ఉన్నా ఆకామా అనే నివాస కార్డు మీద అరబ్బీ అక్షరాల్లో బోశయ్య అవుతాడు. అది ఆ భాష పద్ధతి, దానికి ఎవరినీ అనలేం. మన చేతిలో ఉన్నది ఇంగ్లీషు రాత. అందులోనూ పెద్ద చిక్కు ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. పాస్‌పోర్టు ఫారంలో గివెన్ నేమ్, సర్‌నేమ్ అని రెండు గడులు ఉంటాయి. పాతకాలంలో మనవాళ్ళు ఒక గడిలో గంగారాం అని రాసి రెండో గడి ఖాళీగా వదిలేశారు. 2022 నవంబరులో యూఏఈ ప్రభుత్వం, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వం అన్నది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. ఈ నడుమ ఎంతమంది గుండెలు దడదడలాడాయో మన ఊళ్ళకు తెలుసు. ఖాళీగా వదిలిన ఒక్క గడి కోసం.

చెప్పడానికి నోరు రాని సంగతి ఇంకొకటుంది. అక్కడ ఎవరైనా చనిపోతే శవపెట్టె ఇంటికి రావాలన్నా, రావలసిన జీతం బాకీలు రావాలన్నా పేర్లు కలవాలి. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల సాయం ప్రకటించింది. ఆ పైసలు మామూలుగా చేరేది భార్య బ్యాంకు ఖాతాకు. చనిపోయినవాడి పాస్‌పోర్టులో భార్య పేరు ఒక తీరు, ఆమె ఆధార్‌లో ఇంకో తీరు ఉంటే, దుఃఖంలో ఉన్న ఆ ఇల్లాలు ముందుగా తాను ఎవరో రుజువు చేసుకోవాలి. బతికుండగా పది నిమిషాలు కూర్చుని సరిచేసుకోగలిగిన పని అది.

మీరు అడగవచ్చు, ఒక అక్షరం కోసం ఇంత పట్టుదల ఎందుకని. అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊరు ఉంది. అక్కడి వేంకటేశ్వరస్వామి గుడి మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ ఊరి పేరు చివర ఒక హెచ్ ఉంది. 1891లో ఆ దేశపు భౌగోళిక నామాల బోర్డు, బర్గ్ అని వచ్చే ఊళ్ళన్నిటికీ చివరి హెచ్ తీసేయమన్నది. పిట్స్‌బర్గ్ జనం ఒప్పుకోలేదు. ఇరవై ఏండ్లు పట్టుబట్టి 1911లో తమ హెచ్ తాము తిరిగి తెచ్చుకున్నారు. పలకని హెచ్ అది, ఉన్నా లేకపోయినా నోటికి తేడా లేదు. అయినా అది మాది అన్నారు.

మన దగ్గరా జరిగింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మన పిల్లలు బండ్ల నంబరు ప్లేట్ల మీద తామే టీజీ అని రాసుకున్నారు. 2014లో రాష్ట్రం వచ్చాక టీఎస్ అయింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు మళ్ళీ టీజీ. రెండక్షరాలే కదా అని ఎవరూ అనుకోలేదు.

ఊరి పేరు మార్చడం ప్రభుత్వం పని. 2016 అక్టోబరు 11న మన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినప్పుడే ఇంగ్లీషు రాతను కూడా తెలుగు పలుకుకు దగ్గరగా సరిచేసి ఉంటే బాగుండేది. రైల్వే, ఎన్నికల సంఘం, కలెక్టరేటు ఒక్క స్పెల్లింగు మీదికి రావాలని నేను ఇప్పటికీ అంటాను. అది జరిగేదాకా మీరు ఫారంలో ఊరి పేరు రాసేటప్పుడు మీ పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అట్లాగే రాయండి. ‘ఇది తప్పు స్పెల్లింగు, నేను సరిచేస్తా’ అని ఒక ఫారంలో ఒక్కరే దిద్దుకోకండి. దిద్దిన చోటే ఆగుతారు.

సొంత పేరు మాత్రం మీ చేతిలో ఉంది. పదో తరగతి నామినల్ రోల్సు పంపే ముందు బడిలో మీకు చూపిస్తారు. ఆ రోజు సంతకం పెట్టి పరుగెత్తకండి. ముందు మీ పేరు తెలుగులో రాసుకోండి. దీర్ఘం ఎక్కడుంది, ఒత్తు ఎక్కడుంది చూసుకోండి. రాజేశ్వర్‌లో శకు హెచ్ పెడతారా లేదా, నర్సయ్య చివర ఐ పెడతారా వై పెడతారా, మీ ఇష్టం. రెండూ నడుస్తాయి. ఒకటి ఎంచుకోండి. ఇంటిపేరును ఒక్క అక్షరంగా వదలక పూర్తిగా రాయించండి. ఆ మెమో మీద ఎట్లా ఉందో ఆధార్, బ్యాంకు, పాస్‌పోర్టు అన్నిటా అట్లాగే ఉండాలి. పెండ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది ఆడబిడ్డలారా, మీరే తేల్చుకోవాలి. మార్చుకుంటే అన్ని కాగితాల్లో మార్చుకోండి, లేకపోతే ఏ ఒక్కదాంట్లోనూ మార్చకండి.

ఈ మధ్య కొందరు అదృష్టం కలిసొస్తుందని పేరులో ఎ పక్కన ఇంకో ఎ, ఎన్ పక్కన ఇంకో ఎన్ చేరుస్తున్నారు. అంకెలు లెక్కగట్టి అక్షరాలు అమ్ముకునేవాళ్ళ మాట వినకండి. సినిమావాళ్ళు పోస్టరు మీద పేరు మార్చుకుంటే చెల్లుతుంది. మీ మెమో, మీ పాస్‌పోర్టు పోస్టరు కావు. అట్లా చేర్చుకున్న ఎ కోసం గెజిట్ ప్రకటన దాకా పోయి, డబ్బు పోసి, మళ్ళీ తీయించుకున్న పిల్లలకు నేనే ఫారాలు నింపాను.

మీకు ఇంగ్లీషు వచ్చు, సెల్‌ఫోను వచ్చు. మీ అమ్మమ్మకు, మీ నాయనకు రాదు. వచ్చే ఆదివారం ఇంట్లో కూర్చుని బీరువాలోని కాగితాలన్నీ చాప మీద పరవండి. అమ్మమ్మ పీఎఫ్ కార్డు, అమ్మ బ్యాంకు పుస్తకం, నాయన పాస్‌పోర్టు, ఆకామా నకలు, భూమి పాసుబుక్కు, మీ మెమోలు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి. తేడా ఉన్న కాగితం పక్కకు తీయండి. సాంచెల (మరమగ్గాల) పనికి పోయే నాయనకు, బీడీల చాట ముందు కూర్చునే అమ్మకు ఆఫీసు చుట్టూ తిరిగే తీరిక లేదు. ఆ తిరుగుడు మీరు తిరగండి.

శ్రీనివాస్ మెమోలోని స్పెల్లింగునే ఉంచుకున్నాడు. మిగిలిన రెండు కాగితాలు మార్చడానికి పెట్టాం. ఫారం నింపడం రాకపోతే పొద్దున పూట నేను అరుగు మీదే ఉంటాను. కాగితాలు తీసుకుని రండి.

ఇట్లు,
మీ పాత ఇంగ్లీషు సారు,
కోరుట్ల